తెలిసిన పొరలు, తెలియని ఫలితం: పేటెంటు వివాదాల్లో ‘స్వయంవిదితత’ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పేటెంటు పొందడానికి ఆవిష్కరణ కొత్తదైతే చాలదు. ఆ రంగంలో నైపుణ్యం ఉన్నవారికి దరఖాస్తు నాటికి సులువుగా తట్టేదై ఉండకూడదు. ఈ నియమం చూడటానికి సాంకేతికమైనదే అయినా, దాని స్వభావం చారిత్రకం. ఫలానా తేదీ నాటికి ఎవరికి ఏమి తెలుసు అన్న ప్రశ్నకు సాక్ష్యాలతో సమాధానం చెప్పమని అది న్యాయస్థానాన్ని అడుగుతుంది. అయస్కాంత సంవేదకాల్లో వాడే పలుపొరల పదార్థాలపై 1988లో దాఖలైన జర్మన్ పేటెంటును, రిస్డిప్లామ్ ఔషధంపై హైదరాబాదు సంస్థ నాట్కో ఫార్మా ఎదుర్కొన్న వ్యాజ్యాన్ని ఈ వ్యాసం పక్కపక్కన పెట్టి పరిశీలిస్తుంది. రెండింటిలోనూ ఆవిష్కర్తల సొంత పూర్వరచనే వారికి ఎదురుసాక్ష్యంగా నిలిచే అవకాశం ఉంది. ఢిల్లీ హైకోర్టు రూపొందించిన ‘లోగుట్టు తెలిసిన వ్యక్తి’ అనే కొలమానం ఎంతవరకు చెల్లుతుందో ఈ పోలిక ద్వారా నిర్ధారించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: పేటెంటు చట్టం, స్వయంవిదితత, అయస్కాంత నిరోధం, పలుపొరల పదార్థాలు, రిస్డిప్లామ్, నాట్కో, తూర్పు హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం:

తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్లే దారిలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, కణ, అణుజీవశాస్త్ర కేంద్రం, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వరుసగా కనిపిస్తాయి. ఆ దారికి ఉత్తరాన నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు, వాటిని దాటితే మౌలాలి. మౌలాలి పక్కనే అణు ఇంధన సముదాయం, 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్., ఇంకా ముందుకు వెళితే చర్లపల్లిలో ఎలక్ట్రానిక్స్ పదార్థాల పరిశోధన కేంద్రం సి-మెట్ ఉన్నాయి. మందుల రసాయనశాస్త్రం, అయస్కాంత క్షేత్రాల కొలత, లోహశుద్ధి, ఎలక్ట్రానిక్స్ – ఈ నాలుగూ కొద్ది కిలోమీటర్ల పరిధిలో కలిసి ఉన్న ప్రాంతం ఇది.

ఇక్కడి ప్రయోగశాలల్లో, కర్మాగారాల్లో జరిగే పనిలో అధికభాగం తెలిసిన వస్తువులను కొత్తగా కూర్చడమే. తెలిసిన లోహాన్ని మరొక తెలిసిన లోహంపై పలుచని పొరగా పేరుస్తారు. తెలిసిన అణువులో ఒక పరమాణువును మారుస్తారు. ఇలాంటి పనికి పేటెంటు దక్కుతుందా లేదా అన్నది ఒకే ప్రశ్నపై ఆధారపడి ఉంటుంది: ‘ఇది ఎవరికైనా తట్టేదేనా?’

ఆంగ్ల న్యాయభాషలో దీన్ని ‘ఆబ్వియస్‌నెస్’ అంటారు. ఈ వ్యాసంలో దానికి ‘స్వయంవిదితత’ అనే పదాన్ని వాడుతున్నాను. దరఖాస్తు తేదీకి ముందే లోకానికి అందుబాటులో ఉన్న రచనలు, పేటెంట్లు, వాడకాలు అన్నింటినీ కలిపి ‘పూర్వజ్ఞానం’ అంటున్నాను. ఆవిష్కరణపై మొట్టమొదటి దరఖాస్తు దాఖలైన రోజు ‘ప్రాధాన్య తేదీ’.

పొడుపుకథ విప్పిన తర్వాత ‘ఓస్, ఇంతేనా!’ అనిపించడం అందరికీ అనుభవమే. విప్పకముందు అది అంత సులువుగా ఎందుకు తోచలేదో తర్వాత గుర్తుచేసుకోవడం కష్టం. పేటెంటు వివాదంలో న్యాయమూర్తికి ఎదురయ్యే ఇబ్బంది సరిగ్గా ఇదే. చరిత్రకారుడికీ ఇది కొత్తది కాదు. జరిగిపోయినదాన్ని జరగక తప్పనిదిగా చూడకూడదన్నది చరిత్రరచనలో తొలిపాఠాల్లో ఒకటి.

2. స్వయంవిదితత – భావన పరిణామం:

2.1 అమెరికాలో:

ఈ భావనకు తొలి ప్రసిద్ధ రూపం 1851 నాటి హాచ్‌కిస్ – గ్రీన్‌వుడ్ తీర్పులో కనిపిస్తుంది. వివాదం తలుపు పిడుల గురించి. లోహంతోనో కర్రతోనో చేసే పిడిని మట్టితో లేదా పింగాణీతో చేయడమే అందులోని కొత్తదనం. పిడిని కడ్డీకి బిగించే పద్ధతి అంతకుముందే తెలిసినది. ఒక పదార్థం స్థానంలో మరొకటి పెట్టడం మంచి పనివాడి నేర్పు అవుతుందే తప్ప ఆవిష్కర్త ప్రతిభ కాదని అమెరికా సుప్రీంకోర్టు నిర్ణయించింది. నూరేళ్ల తర్వాత 1952 పేటెంటు చట్టం ఈ నియమాన్ని శాసనంలోకి తెచ్చింది. 1966లో గ్రాహం – జాన్ డీర్ తీర్పు దాన్ని అన్వయించే క్రమాన్ని చెప్పింది: పూర్వజ్ఞానం పరిధి ఎంత, దానికీ ఆవిష్కరణకూ తేడా ఏమిటి, ఆ రంగంలో సాధారణ నైపుణ్యస్థాయి ఏది అన్న మూడింటినీ ముందు తేల్చాలి. చాలాకాలంగా తీరని అవసరం, ఇతరుల వైఫల్యం, వాణిజ్య విజయం వంటివాటిని అనుబంధ సాక్ష్యాలుగా చూడవచ్చు.

2007 ఏప్రిల్ 30న వెలువడిన కె.ఎస్.ఆర్. – టెలిఫ్లెక్స్ తీర్పు నేరుగా ఒక సంవేదకానికి సంబంధించినదే. కారులో జరపడానికి వీలున్న పెడల్‌కు ఎలక్ట్రానిక్ సంవేదకాన్ని అమర్చడం దాని విషయం. రెండు భాగాలూ విడివిడిగా తెలిసినవే. వాటిని కలపమని పూర్వరచనల్లో స్పష్టమైన సూచన ఉంటేనే స్వయంవిదితమనాలన్న బిగుసుకుపోయిన పద్ధతిని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. నిపుణుడికీ ఇంగితజ్ఞానం ఉంటుందని, తెలిసిన భాగాలు ఊహించిన పనినే చేస్తుంటే ఆ కూర్పుకు పేటెంటు ఇవ్వడం కష్టమని ఆ తీర్పు సారం. అయితే వెనక్కి చూసే దృష్టి వల్ల కలిగే మోసం గురించి అదే తీర్పు హెచ్చరించింది కూడా.

2.2 భారతదేశంలో:

భారత సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను ఎదుర్కొన్న ప్రసిద్ధ సందర్భం ఇత్తడి పాత్రల వృత్తికి చెందినది. లేత్ యంత్రంపై పాత్రను పట్టి ఉంచే సాధనానికి 1951లో పొందిన పేటెంటుపై మీర్జాపూర్‌కు చెందిన హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్‌కు, బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ సంస్థకు మధ్య వ్యాజ్యం నడిచింది. 1978 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఆ పేటెంటును నిలబెట్టడానికి నిరాకరించింది. కర్మశాలలో నిత్యం జరిగే మెరుగుదలకూ ఆవిష్కరణకూ మధ్య గీత గీసిన ఆ తీర్పు నేటికీ దాదాపు ప్రతి వివాదంలోనూ ప్రస్తావనకు వస్తుంది.

ఆ నాటికి అమలులో ఉన్నది 1911 చట్టపు వారసత్వం, దాని స్థానంలో వచ్చిన 1970 చట్టం. జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక 1970 చట్టానికి పునాది. ఆహారపదార్థాలకు, మందులకు ఉత్పత్తి పేటెంటు ఇవ్వకుండా తయారీ పద్ధతికి మాత్రమే ఇచ్చే ఏర్పాటు ఆ చట్టంలో ఉండేది. అదే ఔషధాన్ని వేరొక దారిలో తయారుచేయడం చట్టబద్ధమైంది. హైదరాబాదు మందుల పరిశ్రమ ఈ వెసులుబాటులోనే ఎదిగింది. 2005 జనవరి 1 నుంచి ఉత్పత్తి పేటెంట్లు మళ్లీ అమలులోకి వచ్చాయి. దాంతో పోరాటస్థలం మారింది. ‘మా పద్ధతి వేరు’ అనే వాదనకు బదులు ‘మీ ఆవిష్కరణే చెల్లదు’ అనే వాదన ముందుకొచ్చింది.

ఇప్పటి చట్టంలోని 2(1)(జెఎ) సెక్షన్ ప్రకారం ఆవిష్కరణలో పూర్వజ్ఞానంతో పోలిస్తే సాంకేతిక పురోగతి గాని, ఆర్థిక ప్రాముఖ్యం గాని, లేదా రెండూ గాని ఉండాలి. ఆ లక్షణం వల్ల అది నిపుణుడికి స్వయంవిదితం కాకుండా ఉండాలి. 2015లో రోష్ – సిప్లా వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దీన్ని అన్వయించడానికి ఐదు మెట్లు చెప్పింది. నిపుణుడెవరో గుర్తించాలి. ఆవిష్కరణ సారాన్ని పట్టుకోవాలి. ప్రాధాన్య తేదీ నాటికి ఆ నిపుణుడికి ఉండే సాధారణజ్ఞానాన్ని అతనికి ఆపాదించాలి. తేడాలను గుర్తించాలి. చివరగా ఆ తేడాలు స్వయంవిదితమా కాదా అన్నది వెనుచూపు కలవకుండా నిర్ణయించాలి. మూడో మెట్టు, ఐదో మెట్టు పూర్తిగా చరిత్రకారుడి పనులు.

3. అయస్కాంత పొరల కథ:

అయస్కాంత క్షేత్రంలో ఉంచినప్పుడు లోహపు విద్యున్నిరోధం మారుతుందని విలియం థామ్సన్ 1857లో గమనించాడు. ఇనుము, నికెల్ వంటి లోహాల్లో క్షేత్రపు దిశను బట్టి వచ్చే ఈ మార్పు చాలా స్వల్పం. పర్మాలాయ్ వంటి మిశ్రలోహాల్లోనూ గది ఉష్ణోగ్రత వద్ద అది కొద్ది శాతాన్ని మించదు. నూటముప్ఫై ఏళ్లపాటు అయస్కాంత నిరోధ సంవేదకాల హద్దు అదే.

1986లో జర్మనీలోని జ్యూలిష్ పరిశోధన కేంద్రంలో పీటర్ గ్రూన్‌బర్గ్, ఆయన సహచరులు రెండు ఇనుప పొరల మధ్య అతి పలుచని క్రోమియం పొరను ఉంచి పరీక్షించారు. కాంతి పరిక్షేపణ పద్ధతితో వారు గమనించినదేమిటంటే, తగిన మందం వద్ద రెండు ఇనుప పొరల అయస్కాంతీకరణ ఒకదానికొకటి ఎదురుదిశలో నిలుస్తుంది. ఆ ఫలితాన్ని అదే ఏడాది ప్రచురించారు.

ఆ తర్వాత వారు అదే అమరికలో విద్యున్నిరోధాన్ని కొలిచారు. రెండు పొరలు ఎదురుదిశల్లో ఉన్నప్పుడు నిరోధం ఎక్కువగా, బయటి క్షేత్రం వాటిని ఒకే దిశకు తిప్పినప్పుడు తక్కువగా ఉంది. గది ఉష్ణోగ్రత వద్ద మార్పు సుమారు 1.5 శాతం. సంఖ్య చిన్నదే గాని, ఒంటరి ఇనుప పొరలో కనిపించే మామూలు ప్రభావం కంటే అది చాలా రెట్లు ఎక్కువ. పరిశోధనపత్రం అచ్చు కాకముందే, 1988 జూన్ 16న, జర్మనీలో పేటెంటు దరఖాస్తు దాఖలైంది.

అదే కాలంలో పారిస్ సమీపంలోని ఆర్సేలో ఆల్బెర్ ఫెర్ బృందం, గ్రూన్‌బర్గ్ పనితో సంబంధం లేకుండా, ఇనుము–క్రోమియం జంటలను పదుల సంఖ్యలో పేర్చి పరీక్షించింది. 1988 నవంబర్‌లో వెలువడిన వారి పత్రం ప్రకారం, 4.2 కెల్విన్ ఉష్ణోగ్రత వద్ద, క్రోమియం పొర 0.9 నానోమీటర్ల మందం ఉన్న నమూనాలో నిరోధం దాదాపు సగానికి పడిపోయింది. ‘మహా అయస్కాంత నిరోధం’ అనే పేరు ఈ పత్రంతోనే స్థిరపడింది.

దీనికి వివరణ ఎలక్ట్రాన్ల స్పిన్‌లో ఉంది. ఎలక్ట్రాన్ స్పిన్ పొర అయస్కాంతీకరణకు అనుకూలంగా ఉంటే అది పెద్దగా అడ్డు లేకుండా సాగుతుంది, ప్రతికూలంగా ఉంటే ఎక్కువగా చెదురుతుంది. పొరలన్నీ ఒకే దిశలో ఉంటే ఒక రకం ఎలక్ట్రాన్లకు దారి తెరుచుకుంటుంది. ఎదురుదిశల్లో ఉంటే రెండు రకాలకూ ఏదో ఒక పొరలో అడ్డంకి తప్పదు.

తర్వాతి పరిణామాలు వేగంగా సాగాయి. ఖరీదైన, నెమ్మదైన స్ఫటికవృద్ధి పద్ధతికి బదులు పరిశ్రమలో వాడుకలో ఉన్న స్పట్టరింగ్ పద్ధతితోనూ ఈ పొరలు తయారుచేయవచ్చని ఐ.బి.ఎం.లో స్టూవర్ట్ పార్కిన్ 1990లో చూపాడు. బలహీన క్షేత్రానికే స్పందించే ‘స్పిన్ వాల్వ్’ అమరికను 1991లో అదే సంస్థ పరిశోధకులు ప్రకటించారు. 1997లో ఈ సూత్రంపై పనిచేసే రీడింగ్ హెడ్‌తో ఐ.బి.ఎం. హార్డ్ డిస్క్ మార్కెట్లోకి వచ్చింది. 2007లో ఫెర్, గ్రూన్‌బర్గ్‌లకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. పేటెంటు లైసెన్సుల ఆదాయం మాత్రం జ్యూలిష్ కేంద్రానికే వెళ్లింది.

4. 1988 జూన్ 16 నాటికి ఏమి తెలుసు?

ఈ పేటెంటును స్వయంవిదితత ఆధారంగా సవాలు చేస్తే వాదనలు ఎలా ఉంటాయి? దీన్ని ఒక ఆలోచనా ప్రయోగంగా సాగిస్తే చట్టపు కొలమానం స్వభావం బయటపడుతుంది.

4.1 సవాలు చేసేవారి వైపు:

ఒకటి, అయస్కాంత లోహాల్లో రెండు స్పిన్‌ల ఎలక్ట్రాన్లు రెండు వేర్వేరు ప్రవాహాల్లా సాగుతాయని నెవిల్ మాట్ 1936లోనే ప్రతిపాదించాడు. రెండు, 1960ల చివర ఫెర్, ఇయాన్ క్యాంప్‌బెల్ నికెల్, ఇనుము మిశ్రలోహాలపై ప్రయోగాలు చేసి దాన్ని బలపరిచారు. రెండు రకాల మలినాలను కలిపితే నిరోధం ఎలా మారుతుందో ఆ ప్రయోగాల్లో తేలింది. మలినాల బదులు పొరలను ఊహిస్తే మహా అయస్కాంత నిరోధపు భావన అందులోనే ఉంది. మూడు, నానోమీటరు మందంలో పొరలు పేర్చే పద్ధతి 1980ల మధ్య నాటికి అందుబాటులోకి వచ్చింది. నాలుగు, ఎదురుదిశ అమరికను గ్రూన్‌బర్గే 1986లో ప్రచురించాడు. ఇక మిగిలింది రెండు తీగలు తగిలించి నిరోధం కొలవడమే. ఐదు, రెండు దేశాల్లో రెండు బృందాలు దాదాపు ఒకేసారి ఆ పని చేశాయి. ఇద్దరికీ ఒకేసారి తట్టిందంటే ఎవరికైనా తట్టేదేనన్నమాట.

4.2 పేటెంటుదారు వైపు:

1986 పత్రం అయస్కాంతీకరణ గురించి, స్పిన్ తరంగాల గురించి మాట్లాడింది. విద్యున్నిరోధం దాని విషయం కాదు. ఆ పత్రం ప్రపంచమంతటికీ తెరిచి ఉంది. అయినా దాదాపు రెండేళ్లలో నిరోధాన్ని కొలిచి ఫలితం రాబట్టింది ఈ రెండు బృందాలే. అయస్కాంత నిరోధ సంవేదకాలు తయారుచేసే నిపుణుల దృష్టి పర్మాలాయ్‌ను మెరుగుపరచడంపై ఉంది. ఇనుము–క్రోమియం పొరల వైపు వారిని మళ్లించే కారణమేదీ పూర్వరచనల్లో లేదు. ఇక ఒకేసారి ఇద్దరికి తట్టిందన్న వాదన విషయానికొస్తే, చట్టం అడిగేది సాధారణ నైపుణ్యం గల వ్యక్తికి తట్టేదా అని. తర్వాత నోబెల్ పొందిన ఇద్దరిని ఆ కొలతకు నమూనాలుగా తీసుకోలేము.

4.3 తీర్పు ఎటు?

చారిత్రక సాక్ష్యం రెండో పక్షాన్నే బలపరుస్తుందని నా అభిప్రాయం. సవాలు వైపు చూపిన అయిదు ఆధారాలూ వాస్తవాలే. కాని వాటిని ఒక వరుసలో పేర్చగలిగేది ఫలితం తెలిసిన మనమే. మాట్ సిద్ధాంతాన్ని, మిశ్రలోహాల ప్రయోగాలను, పొరల తయారీని, 1986 పత్రాన్ని కలిపి చదవాలన్న సూచన 1988 జూన్ నాటి సంవేదక నిపుణుడికి ఎక్కడా లేదు. పైగా వచ్చిన ఫలితం పాత ఫలితానికి కొనసాగింపు కాదు. దిశ గురించి తెలిసినదాని నుంచి నిరోధం గురించిన వేరే జాతి ఫలితం పుట్టింది.

5. హైదరాబాదు వ్యాజ్యం – రిస్డిప్లామ్:

వెన్నెముక కండర క్షీణత జన్యులోపం వల్ల వచ్చే అరుదైన వ్యాధి. నోటి ద్వారా తీసుకునే రిస్డిప్లామ్ ఔషధానికి అమెరికాలో 2020 ఆగస్టులో అనుమతి లభించింది. భారతదేశంలో దీనిపై రోష్ సంస్థకు 2035 మే వరకు వర్తించే పేటెంటు ఉంది. 1981లో వి.సి. నన్నపనేని స్థాపించిన, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే నాట్కో ఫార్మా ఈ మందును తయారుచేయడానికి సిద్ధపడగా, దాన్ని ఆపాలని కోరుతూ రోష్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది.

నాట్కో వాదనకు కేంద్రం అంతకుముందు ప్రచురితమైన మరొక పేటెంటు పత్రం. 2013లో వెలువడిన ఆ పత్రం చాలా విస్తృతమైన ఒక అణువుల కుటుంబాన్ని వివరించింది. అందులోని ఒక అణువుకూ రిస్డిప్లామ్‌కూ తేడా ఒక్క చోటనే. వలయంలో కార్బన్–హైడ్రోజన్ జంట ఉండవలసిన చోట రిస్డిప్లామ్‌లో నైట్రోజన్ ఉంది. ఈ రెండూ ఎలక్ట్రాన్ల అమరిక దృష్ట్యా ఒకదాని బదులు మరొకటి వాడదగినవన్నది 1925లో హాన్స్ గ్రిమ్ ప్రతిపాదించిన సూత్రం నుంచీ రసాయనశాస్త్రంలో ఉన్న అవగాహనే. మందుల రసాయనశాస్త్రవేత్తలు ఔషధగుణాన్ని నిలుపుతూ అణువును సవరించడానికి ఇలాంటి మార్పిడిని మామూలుగా ప్రయత్నిస్తారు. రెండు పత్రాల ఆవిష్కర్తల జాబితాల్లోనూ కొందరు ఉమ్మడిగా ఉన్నారు.

2025 మార్చి 24న ఏకసభ్య ధర్మాసనం తాత్కాలిక నిషేధం ఇవ్వడానికి నిరాకరించింది. అక్టోబర్ 9న జస్టిస్ సి. హరిశంకర్, జస్టిస్ అజయ్ దిగ్‌పాల్‌ల ధర్మాసనం రోష్ అప్పీలును కొట్టివేసింది. అదే నెల 17న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో తన మందును సీసా 15,900 రూపాయలకు ప్రకటించింది. రోష్ సీసా ధర సుమారు ఆరు లక్షల రూపాయలు. ఈ తీర్పులన్నీ తాత్కాలిక నిషేధం అనే పరిమిత ప్రశ్నపై వెలువడినవి. పేటెంటు చెల్లుబాటుపై తుది నిర్ణయం పూర్తి విచారణలోనే వస్తుంది. అయినా రోగి కుటుంబానికి తాత్కాలిక తీర్పుకూ తుది తీర్పుకూ మధ్య గడిచే కాలమే సర్వస్వం.

ఈ వివాదంలో వాడిన కొలమానం గమనించదగినది. 2021లో ఆస్ట్రాజెనెకా – ఇంటాస్ వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ‘లోగుట్టు తెలిసిన వ్యక్తి’ అనే భావనను ప్రవేశపెట్టింది. పాత పేటెంటు, కొత్త పేటెంటు రెండింటి వెనుకా ఒకే ఆవిష్కర్తలు ఉంటే, బయటి నిపుణుడికి ఏమి తట్టేదో చూడటంతో ఆగకుండా, లోపలి సంగతి తెలిసినవారికి ఏమి తట్టేదో చూడాలన్నది దాని సారం. రిస్డిప్లామ్ వ్యాజ్యంలోనూ ఈ కొలమానం చర్చకు వచ్చింది.

6. రెండు ఉదంతాల పోలిక:

గ్రూన్‌బర్గ్ ఉదంతాన్ని ఇప్పుడు ఈ కొలమానంతో కొలిచి చూద్దాం. 1986 పత్రం ఆయనది. 1988 దరఖాస్తు కూడా ఆయన పనికి చెందినదే. ఇనుము–క్రోమియం–ఇనుము పొరల లోగుట్టు లోకంలో అందరికంటే ఎక్కువగా తెలిసినవాడు ఆయనే. ఎదురుదిశ అమరికను కనుగొన్నవాడికి దాని నిరోధాన్ని కొలవాలని తోచడం సహజం. ఆ లెక్కన ఆ పేటెంటు చెల్లకుండా పోవాలి. ఆ అమరికను తొలిసారి వేరొకరు ప్రచురించి, గ్రూన్‌బర్గ్ దాన్ని చదివి నిరోధాన్ని కొలిచి ఉంటే మాత్రం అదే పేటెంటు నిలిచేది. ఆవిష్కరణ ఒకటే, తేదీ ఒకటే, లోకానికి తెలిసిన జ్ఞానం ఒకటే. ఆవిష్కర్త ఎవరన్నదాన్ని బట్టి ఫలితం మారుతోంది.

ఇది కొలమానంలోని లోపాన్ని చూపుతుంది. చట్టంలోని ‘నిపుణుడు’ ఒక కల్పిత పాత్ర. అతనికి ప్రచురితమైనదంతా తెలుసు, ప్రచురితం కానిదేదీ తెలియదు. ఈ కల్పన వల్లనే విచారణ పత్రసాక్ష్యాలపై నిలుస్తుంది. ఆవిష్కర్త మనసులో ఏముందో వెతకడం మొదలుపెడితే పత్రాలు వెనకబడతాయి, అనుమానాలు ముందుకొస్తాయి. ఒకే సమస్యపై ఇరవై ఏళ్లు నిలకడగా పనిచేసే పరిశోధకుడు తన పాత పనికి తానే బందీ అవుతాడు.

అయితే ఈ కొలమానం పుట్టడానికి కారణమైన ఆందోళన న్యాయమైనదే. విస్తృతమైన కుటుంబానికి ఒక పేటెంటు, దానిలోని ఒక్క సభ్యుడికి మరొక పేటెంటు తీసుకుని గుత్తాధిపత్య కాలాన్ని సాగదీయడం మందుల రంగంలో తరచుగా వినిపించే ఆరోపణ. దానికి సమాధానం చట్టంలోని పాత కొలమానంలోనే దొరుకుతుందని రిస్డిప్లామ్ ఉదంతం సూచిస్తుంది. 2013 పత్రం అందరికీ అందుబాటులో ఉంది. కార్బన్–హైడ్రోజన్ స్థానంలో నైట్రోజన్ పెట్టే ఆనవాయితీ పాఠ్యగ్రంథాల స్థాయిలో ఉంది. ఆ మార్పిడి నుంచి ఆశించేది పాత గుణం నిలవడం లేదా మెరుగుపడటం. వచ్చిన ఫలితం ఆ జాతిదే. ఆవిష్కర్తల పేర్లు చూడకుండానే మామూలు నిపుణుడి కళ్లతో ఈ వాదన నడుస్తుంది.

ఒకే రకంగా కనిపించే రెండు ఉదంతాల మధ్య అసలు తేడా ఇక్కడ తేలుతుంది. రెండింటిలోనూ మార్పు చిన్నదే, రెండింటిలోనూ పూర్వరచన సొంతదే. ఒకదానిలో ఆ మార్పు ఏ ఫలితాన్నిస్తుందో చెప్పే సూత్రం నిపుణుల వాడుకలో ఉంది. మరొకదానిలో అలాంటి సూత్రం చెల్లాచెదురుగా ఉందే గాని, సంవేదకాల నిపుణుడి వాడుకలో లేదు. మార్పు పరిమాణాన్ని చూసి గాని, ఆవిష్కర్త పేరును చూసి గాని స్వయంవిదితతను నిర్ణయించలేమని దీని తాత్పర్యం.

7. మన పరిశోధకులకు దీని ప్రాసంగికత:

తూర్పు హైదరాబాదు ఈ ప్రశ్నకు రెండు వైపులా నిలబడి ఉంది. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల మందుల తయారీదారులకు స్వయంవిదితత నియమం ఎంత కఠినంగా ఉంటే అంత మేలు. ఇతరుల బలహీన పేటెంట్లు కూలితే వారికి దారి తెరుచుకుంటుంది. పదార్థాలపై, పరికరాలపై పనిచేసే ప్రయోగశాలల పరిస్థితి వేరు. భూ అయస్కాంత క్షేత్రం హైదరాబాదు వద్ద నలభై వేల నానోటెస్లాలకు పైగా ఉంటుంది. దానిలో కొద్ది నానోటెస్లాల మార్పును పట్టే సంవేదకం తయారుచేయాలంటే తెలిసిన పదార్థాలనే మరింత నేర్పుగా కూర్చాలి. అలాంటి పనిని ‘తెలిసిన పొరలే కదా’ అని తోసిపుచ్చే నియమం వారి శ్రమను కాపాడలేదు. ఒకే వీధిలో ఉన్న రెండు సంస్థలకు ఒకే నియమం ఒకరికి డాలుగా, మరొకరికి కత్తిగా పనిచేస్తుంది.

పరిశోధక విద్యార్థులకు ఇందులో నేరుగా తగిలే అంశమూ ఒకటుంది. గ్రూన్‌బర్గ్ బృందం ముందు దరఖాస్తు చేసి, తర్వాత ప్రచురించింది. ఆర్సే బృందం ప్రచురణతోనే సరిపెట్టుకుంది. శాస్త్రగౌరవం ఇద్దరికీ సమానంగా దక్కింది, హక్కు ఒకరికే దక్కింది. మన చట్టంలోని 31వ సెక్షన్ విద్వత్సభలో చదివిన పత్రం వంటి కొన్ని సందర్భాలకు పన్నెండు నెలల మినహాయింపు ఇస్తుంది గాని, అది అన్ని రకాల ప్రచురణలకూ వర్తించదు. దరఖాస్తుకు ముందే అందరికీ అందుబాటులోకి వచ్చిన సిద్ధాంతగ్రంథం, దాన్ని రాసినవారికే పూర్వజ్ఞానమై ఎదురు నిలుస్తుంది. ప్రయోగశాల దినచర్య పుస్తకంలో తేదీలు వేసి రాసుకోవడం, ఏ ఫలితం ఆశించారో, ఏది అనుకోకుండా వచ్చిందో అప్పటికప్పుడు నమోదు చేయడం ఒక క్రమశిక్షణ మాత్రమే కాదు. రేపటి వివాదంలో, రేపటి చరిత్రలో అవి ప్రాథమిక ఆధారాలు.

8. ముగింపు:

1. స్వయంవిదితత నిర్ణయం చారిత్రక పునర్నిర్మాణం. ప్రాధాన్య తేదీ తర్వాత తెలిసినదాన్ని పక్కనపెట్టి, ఆ నాటి పత్రాల ఆధారంగా నిపుణుడి జ్ఞానాన్ని నిలబెట్టాలి.

2. 1988 నాటి అయస్కాంత పొరల పేటెంటుకు భాగాలన్నీ తెలిసినవే. వాటిని కలపడానికి కారణం, ఫలితాన్ని ఊహించే ఆధారం ఆ రంగపు నిపుణుడి వాడుకలో లేవు. అందుకే అది స్వయంవిదితం కాదు.

3. రిస్డిప్లామ్ వ్యాజ్యంలో చేసిన మార్పుకు ఆధారమైన సూత్రం దశాబ్దాలుగా తెలిసినది. నాట్కో వాదన బలం అక్కడ ఉంది. ‘లోగుట్టు తెలిసిన వ్యక్తి’ అవసరం లేకుండానే ఆ వాదన నిలబడగలదు.

4. ఆవిష్కర్త ఎవరన్నదాన్ని బట్టి ఫలితం మారే కొలమానం, నిలకడగా ఒకే రంగంలో పనిచేసేవారికి నష్టం కలిగిస్తుంది. ఉమ్మడి ఆవిష్కర్తలు ఉండటం మరింత శ్రద్ధగా ప్రశ్నించడానికి కారణం కావచ్చు, దానంతట అది రుజువు కాకూడదు.

5. ఆరు లక్షల రూపాయల మందు పదహారు వేల లోపు దొరకడం ఈ చర్చకున్న మానవీయ విలువ. ఆ మేలు నిలకడగా కొనసాగాలంటే తీర్పు బలమైన పునాదిపై ఉండాలి. ఆ పునాది తేదీలు గల పత్రాల్లో, వాటిని ఆనాటి కళ్లతో చదవడంలో ఉంది.